తడి గాలి వేరు, తడి నేల వేరు: ఒకే చలికాలంలో రెండు రకాల బెడ్డింగ్‌తో దెబ్బతిన్న బాల్ పైథాన్ కేసు

పెంపుడు పాముకి కింద ఏం పరవాలని అడిగితే అందరూ ఒక పేరు చెబుతారు. ఆస్పెన్ చెక్క తురుము అనో, కొబ్బరి పొట్టు అనో, సైప్రస్ చెక్క ముక్కలు అనో. ఈ కేసులో మొదట వేసింది నిజంగానే వేయకూడనిది. రెండోసారి వేసింది మాత్రం అందరూ మంచిదనేదే. అయినా రెండూ అదే పాముని మా ఆస్పత్రికి తెచ్చాయి. సంచి మీద పేరు చూసి తేల్చగలిగేది సగమే. కింద ఉన్న హీటర్, పోసే నీళ్లు, పైనున్న మూత మిగతా సగం తేలుస్తాయి. ఈ మూడింటినీ పట్టించుకోకపోతే మంచి బెడ్డింగ్ కూడా ఎలా పుండు చేస్తుందో ఇక్కడ అంకెలతో చూపిస్తున్నాం.

కేసు వివరాలు

పాము ఆడ బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ), వయసు 3 ఏళ్లు, పొడవు సుమారు 115 సెం.మీ. అమెరికాలో డాలస్ శివార్లలో ఒక తెలుగు కుటుంబం పెంచుకుంటోంది. అక్టోబరులో బరువు 1,510 గ్రాములు. జనవరి రెండో వారంలో మొదటిసారి వచ్చినప్పుడు 1,420. అంటే దాదాపు 6 శాతం తగ్గింది. బాల్ పైథాన్లు చలికాలంలో తిండి మానేయడం మామూలే, కాబట్టి తినకపోవడం ఒక్కటే అయితే కంగారు పడక్కర్లేదు. ఇక్కడ దానికి తోడు ఇంకో మూడు కనిపించాయి. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, రెండు కళ్ల మీదా పాత పొర నిలిచిపోయింది, ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వినిపిస్తోంది.

గూడు 120 × 60 × 60 సెం.మీ. గాజు తొట్టి. పైన మొత్తం ఇనుప జాలీ మూత. ఒక కొస గాజు కింద అంటించిన హీట్ మ్యాట్, మూత మీద 100 వాట్ల సిరామిక్ హీటర్. వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ సిరామిక్ హీటర్‌కి మాత్రమే ఉంది. మ్యాట్ నేరుగా ప్లగ్‌లో పెట్టి ఉంది. ఈ సంగతి మొదటిరోజే ఫైల్లోకి ఎక్కింది. అది ఎంత పెద్ద పొరపాటో మాత్రం మార్చిలో గానీ తెలియలేదు.

నేల మీద 5 సెం.మీ. మందాన చిత్రిక పట్టిన చెక్క తురుము. నవంబరులో గుర్రపుశాలల సరుకు అమ్మే దుకాణంలో పెద్ద సంచి కొన్నారు. సంచి మీద పైన్, సీడార్ మిశ్రమం అని స్పష్టంగా ఉంది. అక్టోబరులో పాముకి మైట్స్ (రక్తం పీల్చే సన్న పురుగులు) పట్టాయి. మందుతో పోయాయి. మళ్లీ రాకుండా ఉండాలంటే సీడార్ వేయమని ఎవరో చెప్పారట.

తొట్టిలో గాలి తేమ కొలిస్తే 32 శాతం. జనవరిలో ఇంటి హీటింగ్ రాత్రింబవళ్లు నడుస్తుంది, గదిలోనే తేమ 25 శాతం దగ్గర ఉంది. బాల్ పైథాన్‌కి 60 నుంచి 80 మధ్య కావాలి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో ఇది పగలంతా ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో గడుపుతుంది. పైన నేల ఎండి పగిలినా బొరియలో గాలి చెమ్మగానే ఉంటుంది. పెంపకందారులు చాలామంది ఆఫ్రికా అనగానే ఎడారి అనుకుని ఎండబెట్టేస్తారు.

మొదటి రాక: ఈల ఎక్కడిది

నోట్లో చీముగానీ, పుళ్లుగానీ లేవు. తీగలా సాగే పలుచని తెమడ ఉంది, శ్వాసద్వారం అంచు కాస్త ఎర్రగా ఉంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు తేటగానే కనిపించాయి. పైథాన్లలో ఈ లక్షణాలు చూస్తే, వాటికి శ్వాస జబ్బు తెచ్చే సర్పెంటోవైరస్‌ని తప్పకుండా అనుమానించాలి. 2014లో బయటపడినప్పుడు దీన్ని నిడోవైరస్ అన్నారు. నోటి స్వాబ్‌తో పీసీఆర్ చేయించాం, నెగటివ్ వచ్చింది. మైట్స్ ఒక్కటీ లేవు.

ఇక మిగిలింది గాలి. తొట్టి మూత తీయగానే సీడార్ వాసన గది నిండా కొట్టింది. ఆ వాసనే అసలు సమస్య. సీడార్‌ని చెదలు ముట్టకపోవడానికి, పురుగులు దూరంగా ఉండడానికి కారణమైన నూనెలు గాలిలోకి ఆవిరవుతూ ఉంటాయి. వెస్టర్న్ రెడ్ సీడార్‌లోని ప్లికాటిక్ ఆమ్లం కోతమిల్లుల పనివాళ్లకు ఆస్తమా తెస్తుందన్నది వైద్యంలో బాగా తెలిసిన విషయం. సీడార్, పైన్ తురుము మీద పెంచిన ఎలుకల కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైములు పెరిగిపోతాయని 1967లోనే ప్రయోగాల్లో తేలింది. ఎలుకకి జరిగినదాన్ని యథాతథంగా పాముకి అంటగట్టకూడదు గానీ, వెచ్చని, మూసిన పెట్టెలో, నేలకి అంగుళం ఎత్తున రోజంతా ఊపిరి పీల్చే ప్రాణికి ఈ హెచ్చరిక చాలు. పైగా పాముకి మనలా దగ్గే వీలు లేదు. ఉదరవితానం ఉండదు, పక్కటెముకల కండరాలతోనే గాలి లాగుతుంది. లోపల తెమడ చేరితే బయటికి నెట్టే బలం ఉండదు. మనకి రెండు తుమ్ములతో పోయే దుమ్ము దానికి వారాల తరబడి నిలిచే జబ్బు.

ఇక్కడ రెండు పరిస్థితులు కలిసి పట్టాయి. గాజు కింద మ్యాట్ తురుముని కింది నుంచి వేడి చేస్తుంటే నూనెలు మరింతగా ఆవిరయ్యాయి. గాలి తేమ 32 శాతమే ఉండటంతో శ్వాసమార్గపు లోపలి పొర ఎండి, ఆ ఆవిర్లకి ఇంకా లోకువైంది. కుబుసం ముక్కలవడానికీ ఆ ఎండుగాలే కారణం. సీడార్ తీసేసి ఎండు ఆస్పెన్ వేసి ఊరుకుని ఉంటే ఈల తగ్గేదేమో, కుబుసం మాత్రం మళ్లీ చిరిగేదే.

పేర్ల దగ్గర ఒక మాట. అమెరికా దుకాణాల్లో రెడ్ సీడార్ అని అమ్మేది మన హిమాలయ దేవదారు కాదు. ఆ పేరుతో అమ్మేవాటిలో ఒకటి జూనిపర్ జాతి, ఇంకొకటి తూజా. అలాగని దేవదారు తురుము మంచిదని కాదు, అదీ నూనె చెక్కే. వాసన ఘాటుగా ఉన్న ఏ చెక్కనీ పాము కింద వేయకూడదని గుర్తుపెట్టుకుంటే చాలు. పైన్ విషయంలో బట్టీలో ఆరబెట్టిన సరుకులో నూనెలు చాలావరకు పోతాయి, కొందరు అది వాడతారు కూడా. మేం మాత్రం సిఫారసు చేయం. సంచి తెరిచినప్పుడు పైన్ వాసన తెలుస్తుంటే నూనె ఇంకా ఉన్నట్టే. ఆ అనుమానం లేని సరుకు అదే ధరకి దొరుకుతుంటే పైన్ దాకా వెళ్లనక్కర్లేదు.

మైట్స్‌కి మందు కొట్టాలి గానీ బెడ్డింగ్‌తో తరమాలనుకోకూడదు. మన ఇళ్లలో అలవాటుగా చేసే మరో మూడు పనులూ ఇదే కోవలోవి. తొట్టి పక్కన కలరా ఉండలు పెట్టడం, కర్పూరం పెట్టడం, తొట్టిని ఫినాయిల్‌తో కడగడం. మూడూ పాముకి ప్రమాదమే. తొట్టిని సబ్బునీళ్లతో తోమాక, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్లు కలిపి తుడిచి, 10 నిమిషాలు వదిలి, కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెడితే సరిపోతుంది.

మొదటి చికిత్స

మందులు ఇవ్వలేదు. తురుము మొత్తం తీయించి, అంచుల్లో చిక్కుకున్న పొడిని కూడా తడిగుడ్డతో తుడిపించాం. నేల మీద ముద్రణ లేని తెల్లకాగితం రెండు పొరలు పరిపించాం. కాగితం అందంగా ఉండదు, పాము అందులో దూరలేదు, తేమనీ నిలపదు. కానీ జబ్బుపాముకి అంతకన్నా మంచి నేల లేదు. రెట్ట ఎలా ఉందో, మైట్ నల్లచుక్క ఉందో లేదో, తెమడలో రక్తం చార ఉందో అన్నీ దాని మీద కనబడతాయి.

తేమ కోసం ఒక చెమ్మగూడు పెట్టించాం. 30 × 20 × 15 సెం.మీ. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పక్కగోడలో 8 సెం.మీ. రంధ్రం చేసి, అంచుని గరుకుకాగితంతో నున్నగా రుద్దాలి. లోపల తడిపి గట్టిగా పిండిన స్పాగ్నమ్ నాచు సగం దాకా నింపాలి. వారానికోసారి నాచు మార్చాలి. జాలీ మూతలో హీటర్ చుట్టూ చేతివెడల్పు వదిలి, మిగతాది అల్యూమినియం రేకుతో కప్పించాం. రేకుని అంటించే టేపు మూత పైభాగానే ఉండాలి. తొట్టి లోపల ఎక్కడా జిగురు టేపు ఉండకూడదు. పాము దానికి అంటుకుపోతుంది, లాగితే పొలుసులతో సహా చర్మం ఊడివస్తుంది.

కళ్ల మీది పొరని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. గోటితోనో, పట్టకారుతోనో లాగితే కిందనున్న అసలు కంటిపొర కూడా వచ్చేస్తుంది. తేమ సరిపడితే వచ్చే కుబుసంతో దానంతటదే పోతుంది.

పదిరోజుల్లో ఈల తగ్గింది. మూడు వారాలకి నోరు శుభ్రంగా ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కొబ్బరి పొట్టు వాడవచ్చని, తేమ 60 నుంచి 75 శాతం నిలపాలని రాశాం. ఆ నీళ్లు ఎక్కడ పోయాలో రాయలేదు. మందపాటి బెడ్డింగ్ వేసేముందు కింది మ్యాట్ తీసేయాలని కూడా రాయలేదు. రెండో దెబ్బకి దారి అక్కడే పడింది. ఆ కాగితాన్ని తర్వాత మార్చాం.

రెండో రాక: పొట్ట పొలుసులు

మార్చి మూడో వారం. బరువు 1,400 గ్రాములు. ఊపిరి బాగుంది, తేమ మీటరు 78 చూపిస్తోందని ఇంటివారు సంతోషంగా చెప్పారు. పాముని వెల్లకిలా తిప్పి చూస్తే నడుము నుంచి వెనక మూడోవంతు దాకా 11 పొట్ట పొలుసులు ఎర్రబడి ఉన్నాయి. మూడింటి మీద నీటి బుగ్గలు, ఒకటి చితికి పుండైంది. ఇదే స్కేల్ రాట్, పొలుసుల కుళ్లు.

ఇంట్లో జరిగింది ఇది. 10 సెం.మీ. మందాన మెత్తటి కొబ్బరి పొట్టు పరిచారు. మీటరు 60 కిందికి పడినప్పుడల్లా పైన నీళ్లు చల్లారు. రోజుకి మూడుసార్లు. జాలీ మూత మీది రేకు జారిపోయింది, మళ్లీ పెట్టలేదు. దాంతో చల్లిన తేమ గంటలో ఎగిరిపోయేది, మళ్లీ చల్లేవారు. గాలి తేమ కోసం చేసిన ఈ ప్రయాసంతా పై రెండు సెంటీమీటర్ల పొట్టులోనే చేరింది. పాము పొట్ట ఆనేది సరిగ్గా అక్కడే.

బాల్ పైథాన్‌కి కావలసింది తడి గాలి. తడి నేల కాదు. మీటరు చెప్పేది గాలి సంగతే. పొట్ట కింద ఏముందో దానికి తెలియదు. చర్మం రోజుల తరబడి నానితే పొలుసుల మధ్య సందులు మెత్తబడతాయి. రెట్టలో, నేలలో మామూలుగా ఉండే సూడోమోనాస్, ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా అక్కడ దూరుతుంది. వెచ్చదనం, తడి, మురికి మూడూ కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

కానీ ఎర్రదనం ఒక వైపే ఎక్కువగా ఉండటం అనుమానం పెంచింది. తొట్టిని తెప్పించి చూశాం. పైన పొట్టు ఉష్ణోగ్రత 29 డిగ్రీల సెల్సియస్. చేత్తో తవ్వి మ్యాట్ పైనున్న గాజుని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే 46. హీట్ మ్యాట్ వేడి పైకి పోవాలి. పైన పది సెంటీమీటర్ల పొట్టు దుప్పటిలా కప్పితే వేడి పోయే దారి లేక గాజు దగ్గరే పోగవుతుంది. థర్మోస్టాట్ లేదు కాబట్టి ఆపేదీ లేదు. బాల్ పైథాన్ బొరియల పాము, కిందికి తవ్వుకుంటూ వెళ్లి ఆ గాజు మీదే చుట్టుకుని పడుకుంటుంది. చర్మం కాలుతున్నా సరీసృపాలు చాలాసార్లు కదలవు. వేడి దీపాన్ని కౌగిలించుకుని కాలిన ఇగువానా బల్లుల్ని చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అంటే ఇక్కడ తడి పొట్టు ఒకవైపు, కాలిన గాజు ఒకవైపు కలిసి పొట్టని తిన్నాయి.

కాలిన గాయమా, కుళ్లా అని ఎలా తెలుసుకోవాలంటే, ముందు గాయం ఆకారం చూడాలి. కాలితే హీటర్ ఆనిన చోట గుంపుగా ఉంటుంది, అంచులు తేటగా తెలుస్తాయి. కుళ్లు పొలుసుల అంచుల దగ్గర మొదలై అక్కడక్కడా చెదురుగా పాకుతుంది. ఈ పాముకి నడుము దగ్గర చెదురుగా, వెనక గుంపుగా ఉంది. బుగ్గలోని ద్రవంలో సూక్ష్మదర్శిని కింద కడ్డీ ఆకారపు బాక్టీరియా కనిపించింది, కల్చర్‌లో (బాక్టీరియాని పెంచి చూసే పరీక్షలో) సూడోమోనాస్ పెరిగింది.

చికిత్స ఇలా సాగింది. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయోటిక్ కిలోకి 20 మి.గ్రా. లెక్కన 28 మి.గ్రా., 72 గంటలకొకటి, మొత్తం 7 ఇంజెక్షన్లు. పాము శరీరం ముందు సగంలోనే ఇవ్వాలి. వెనక ఇస్తే రక్తం కిడ్నీల మీదుగా పోయే దారి వల్ల మందు ముందే కొంత పోతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, కల్చర్ చూసి వైద్యులే మందు ఎంచాలి. ఇంట్లో చేయాల్సింది రోజూ ఒకసారి పొట్ట తుడవడం. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 25 మి.లీ. తీసుకుని నీళ్లతో మొత్తం ఒక లీటరు చేస్తే 0.05 శాతం ద్రావణం వస్తుంది. దానితో తుడిచి, ఆరాక సిల్వర్ సల్ఫాడయాజీన్ క్రీము పలుచగా రాయాలి. నేల మళ్లీ తెల్లకాగితమే, రోజూ మార్చాలి, తడిస్తే వెంటనే మార్చాలి. తాగే నీళ్ల గిన్నె పాము మునిగేంత పెద్దది కాకుండా చూడాలి. వెచ్చని వైపు 31 నుంచి 32 డిగ్రీలు నిలపాలి. చల్లగా ఉంటే మందు పనిచేసినా పాము రోగనిరోధకశక్తి పనిచేయదు.

హీట్ మ్యాట్ పీకేశాం. ఎవరికైనా మ్యాటే వాడక తప్పకపోతే థర్మోస్టాట్ తప్పనిసరి, దాని ప్రోబ్ (వేడిని పసిగట్టే తీగ కొస) మ్యాట్‌కీ గాజుకీ మధ్య ఉండాలి, పైన బెడ్డింగ్ సెంటీమీటరు, మహా అయితే రెండు. ప్రోబ్‌ని బెడ్డింగ్ పైన పెడితే మందం పెరిగేకొద్దీ థర్మోస్టాట్ ఇంకా వేడి చాలలేదనుకుని మ్యాట్‌ని మండిస్తూనే ఉంటుంది.

కొత్త నేల

ఏప్రిల్ చివరకి పొలుసులు ఎండి గట్టిపడ్డాయి. అప్పుడు గానీ కాగితం మీంచి దించలేదు. పుండు పచ్చిగా ఉండగా ఏ పొట్టు వేసినా రేణువులు అతుక్కుంటాయి.

నేల 120 × 60, మందం 10 సెం.మీ. అంటే 72 లీటర్ల బెడ్డింగ్. అందులో 36 లీటర్లు రంగు వేయని అచ్చమైన సైప్రస్ మల్చ్, 24 లీటర్లు బొటనవేలి గోరంత కొబ్బరి డొక్క ముక్కలు, 12 లీటర్లు మెత్తని కొబ్బరి పొట్టు. మూడు, రెండు, ఒకటి పాళ్లు. సైప్రస్ తడిసినా త్వరగా బూజు పట్టదు. డొక్క ముక్కల మధ్య గాలి ఆడుతుంది. పొట్టు అడుగున చేరి నీళ్లని పట్టి ఉంచుతుంది. మొదటిసారి అచ్చంగా పొట్టే వేయడం వల్ల అది తడిస్తే బురద, ఎండితే ధూళి అయింది. తోట దుకాణాల్లో సైప్రస్ అని అమ్మే సంచుల్లో వేరే చెక్కలు కలిసి ఉంటాయి, సంచి వెనక రాసింది చదివి కొనాలి.

పొట్టు ఇటుకలుగా దొరుకుతుంది. 650 గ్రాముల ఇటుక నానితే 8 లీటర్ల దాకా వస్తుంది. కోనసీమ వైపు పీచు పరిశ్రమ నుంచి వచ్చే 5 కిలోల దిమ్మ నర్సరీల్లో కొంటే సుమారు 70 లీటర్లు అవుతుంది. అయితే కొబ్బరి డొక్కని ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టే చోట్ల నుంచి వచ్చిన పొట్టులో ఉప్పు మిగులుతుంది. మొక్కలకి ఎరువు కలిపిన దిమ్మలూ ఉంటాయి, అవి వద్దే వద్దు. ఎరువు లేనిదే కొని, గుడ్డ సంచిలో వేసి, బక్కెట్లో రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండాలి.

చెమ్మ ఎంత ఉండాలో చేయే చెబుతుంది. పిడికిట్లో నొక్కితే సున్నుండలా ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క రాలకూడదు, వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోవాలి. ఇది అడుగు పొర సంగతి. పై పొర అరచేతికి పొడిగా తగలాలి.

నీళ్లు చల్లడం పూర్తిగా మానిపించాం. నాలుగు మూలల్లో గాజుని ఆనుకుని గ్లాసుతో నెమ్మదిగా పోయాలి. మొదటిసారి మూలకి 250 మి.లీ. చొప్పున లీటరు. తర్వాత హీటింగ్ నడిచే రోజుల్లో వారానికి 500 మి.లీ. దాకా, వేసవిలో దానిలో సగం. నీళ్లు అడుగుకి దిగి, వెచ్చదనానికి మెల్లగా పైకి ఆవిరవుతాయి. గాలి చెమ్మగా, పైభాగం పొడిగా ఉంటుంది. గాజుతొట్టికున్న లాభం ఇక్కడ తెలుస్తుంది: పక్క నుంచి చూస్తే కింద 3, 4 సెం.మీ. ముదురు రంగులో, పైన 6 సెం.మీ. లేత రంగులో కనిపించాలి. ముదురు గీత సగం దాటిందంటే నీళ్లు ఆపాలి. అడుగున నీళ్లు నిలిచి మెరుస్తుంటే బెడ్డింగ్ తీసి ఆరబెట్టాలి. అలాగే వదిలేస్తే వారంలోపు పుల్లని వాసన వస్తుంది.

వేడికి జాలీ మూత మీద 80 వాట్ల డీప్ హీట్ ప్రొజెక్టర్, థర్మోస్టాట్‌తో. వెచ్చని వైపు నేల పైన 32, చల్లని వైపు 26. తేమ మీటర్లు రెండూ డిజిటల్, ప్రోబ్ ఉన్నవి. ఒకటి చల్లని వైపు నేలకి 5 సెం.మీ. ఎత్తున, ఇంకొకటి చల్లని వైపు దాక్కునే గూటిలో. ముల్లుతో తిరిగే గుండ్రటి మీటర్లని తీయించేశాం. ఒకే తొట్టిలో ఒకటి 40, పక్కది 70 చూపించే సరుకు అది.

కొత్త బెడ్డింగ్ సంచి తెచ్చాక మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో మూడురోజులు పెట్టి వాడమన్నాం. మైట్స్, పురుగులు చస్తాయి. ఓవెన్‌లో కాల్చడం కొందరు చెబుతారు గానీ ఎండు చెక్క నిప్పంటుకునే వస్తువు, వద్దు.

రెట్ట, సున్నంలా తెల్లగా పడే యూరేట్ కనిపించినరోజే తీయాలి. ముద్దని మాత్రమే కాదు, దాని కింద, చుట్టూ దోసెడు బెడ్డింగ్ కూడా. మొత్తం మార్పు మూడునెలలకోసారి. అమ్మోనియా వాసన ముక్కుకి తెలిసిందంటే గడువు చూడక్కర్లేదు, ఆరోజే మార్చాలి.

ఇంటివారు అడిగి, మేం వద్దన్నవి

కోళ్ల షెడ్లలో వేసే వరి ఊక వాడవచ్చా అని ఇంటి పెద్దావిడ అడిగారు. చవక, మన ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతుంది. అడగడంలో న్యాయముంది. కానీ ఊకలో సిలికా ఎక్కువ, కొసలు మొనదేలి ఉంటాయి, ధూళి లేస్తుంది. ఎరతో పాటు నోట్లోకి పోతే చిగుళ్లలో గుచ్చుకుంటుంది. తడిస్తే బూజు. వేరుశనగ పొట్టు ఇంకా హీనం, చెమ్మ తగిలితే పట్టే బూజు విషపు బూజు. రంపపు పొట్టు అసలు వద్దు, ఏ చెక్కదో తెలియదు, జిగురు కలిపిన ప్లైవుడ్ పొడి అందులో ఉండొచ్చు.

మొక్కజొన్న కండెల ముక్కలు, వాల్‌నట్ చిప్పల పొడి, కాల్షియం ఇసుక కూడా పక్కనపెట్టాలి. మింగితే పేగులో ఇరుక్కునేవి ఇవి. సరైన వేడి, నీళ్లు అందుతున్న పాము రెండు సైప్రస్ ముక్కలు మింగినా రెట్టలో పోతాయి. చల్లగా, ఎండిపోయి ఉన్న పాములోనే అడ్డం పడటం ఎక్కువ. అయినా ఎరని పట్టకారుతో అందించడం, కింద పలక పెట్టడం మంచిదే. పచ్చగడ్డిలా కనిపించే రెప్టైల్ కార్పెట్‌ని కూడా వద్దన్నాం. దాని పోగుల్లో రెట్ట ఇంకి, ఎంత ఉతికినా వాసన పోదు.

ఇదంతా బాల్ పైథాన్ లెక్క. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, హాగ్‌నోస్ ఉంటే ఎండు ఆస్పెన్ తురుము చక్కగా పనికొస్తుంది. వాసన నూనెలుండవు, సొరంగం తవ్వితే కూలదు. అదే ఆస్పెన్‌ని బాల్ పైథాన్ కోసం తడిపితే నాలుగైదు రోజుల్లో తెల్లబూజు పడుతుంది. బ్రెజిలియన్ రెయిన్‌బో బోవాకి ఇక్కడ చెప్పినదానికన్నా చెమ్మ ఎక్కువ కావాలి, కెన్యన్ శాండ్ బోవాకి చాలా తక్కువ.

ఆంధ్ర, తెలంగాణల్లో చదివేవారికి ఒకమాట స్పష్టంగా చెప్పాలి. కొండచిలువైనా, రెండు తలల పామైనా, జెర్రిపోతైనా మన నేల పాముని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకి 2022 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. బెడ్డింగ్ కొనేముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.

తర్వాత

మే చివర్లో కుబుసం ఒకే ముక్కగా, తోకకొస దాకా ఊడింది. కళ్ల పొరలు దానితోనే వచ్చాయి. రెండు కళ్లూ తేటగా ఉన్నాయి. జూన్ మొదటి వారంలో తినడం మొదలుపెట్టింది. జూలైలో ఇంకో కుబుసం. ఆగస్టు పరీక్షలో బరువు 1,530 గ్రాములు. దెబ్బతిన్న 11 పొట్ట పొలుసుల్లో 9 మామూలు ఆకారానికి వచ్చాయి. పుండైన పొలుసు, దాని పక్కది ముడతపడి కాస్త ముదురు రంగులో మిగిలాయి. ఇక అవి అలాగే ఉంటాయి గానీ పాకడానికి అడ్డం కావు. గాజు మీద ముదురు గీత ఎక్కడుండాలో ఇంటివారు మార్కర్‌తో బయటివైపు గీసిపెట్టుకున్నారు. శనివారం పొద్దున ఆ గీత చూసి నీళ్లు పోయాలో వద్దో తేల్చుకుంటున్నారు. చివరిసారి కొలిచినప్పుడు చల్లని వైపు గూటిలో తేమ 72 శాతం, పైన పొట్టు చేతికి పొడిగా ఉంది.